నీ మరదలి గురువారం

*లిఫ్టుల వర్క్‌షాపు, మధ్యాహ్నం భోజనం వేళ*

అక్కకు తమ్ముడి వందనాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పాపకు ఒక పన్ను ఊడింది, బాబుకు ఒక పన్ను వచ్చింది, ఇంట్లో లెక్క సరిపోయింది. ఇక అసలు సంగతి. ఒక ప్రశ్న చేపముల్లులా గొంతుకు అడ్డం పడింది. మింగలేను, కక్కలేను. నీకు కాకపోతే ఎవరికి రాయను?

మొన్న ఆదివారం విశ్రాంతి ఆజ్ఞ మీద ప్రసంగం చేశాను. మా ప్రార్థన గది నీకు తెలుసుగా, టైర్ల దుకాణం మీద మేడగది. దుకాణం యజమానే మా సంఘానికి పెద్ద. గది ఊరికే ఇచ్చాడు గానీ తాళంచెవి మాత్రం తన జేబులోనే ఉంచుకుంటాడు. ఆ రోజు నాకు ఊపు వచ్చింది. "విశ్రాంతి కూలి కాదు! చాకిరీకి మెచ్చి పడేసే బక్షీసు కాదు! ఆజ్ఞ! దొంగిలించకు అన్న నోటితోనే ఆగి కూర్చో అని కూడా అన్నాడు!" అని బల్ల గుద్దితే గ్లాసు ఎగిరి పడింది. కింద టైర్లకు గాలి కొట్టేవాళ్ళు మిషను ఆపి మరీ విన్నారట. నీ మరదలు ఎప్పటిలాగే వెనక వరుసలో తలుపు పక్కన కూర్చుంది. బాబు ఆమె జడ పట్టుకుని వేలాడుతున్నాడు.

ఇంటికొచ్చాక గిన్నెలు తోముతూ, తల కూడా తిప్పకుండా అంది: "ఏవండీ, ఆ వాక్యం ఇంకోసారి చదవండి."

నాకు ఎంత సంతోషమో! గ్రంథం తెరిచి చదివాను. ఆ రోజు నువ్వు పని చేయకూడదు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి, ఎవరూ చేయకూడదు.

"పశువు కూడా ఉందా?"

"ఉంది. ఇంకో చోట గాడిద అని విడిగా చెప్పాడు కూడా."

"మరి నేనెక్కడ ఉన్నాను?"

నవ్వాను. నవ్వి మళ్ళీ చదివాను. అక్కా, లేదు! కొడుకు ఉన్నాడు, కూతురు ఉంది, పనిమనిషి ఉంది, గాడిద ఉంది, దారిన పోయేవాడు కూడా ఉన్నాడు. భార్య లేదు. ఆ తర్వాతి ఆజ్ఞల్లో భార్య కనిపించింది గానీ, అక్కడ పొరుగువాడివి ఆశించకూడని వాటిలో, ఇల్లూ ఎద్దూ పక్కన. ఈ భాగం మీద నేను ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో! గోడ మీద బీటలాగా, ఒకసారి కనపడ్డాక ఇక అదే కనపడుతోంది.

ఆమె గిన్నె బోర్లించి, "సరే, అడిగానంతే" అని బాబును కడగడానికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. నువ్వేమంటావు?

నీ తమ్ముడు

&nbsp;

*ఆసుపత్రి బట్టల గది*

ఒరేయ్ ఉరుమూ,

గాడిదకున్న సెలవు నా మరదలికి లేదని కనిపెట్టడానికి నీకు ఇద్దరు పిల్లలు పుట్టాల్సి వచ్చిందా? ఉత్తరం చదివి దుప్పట్ల గుట్ట మీద పడి నవ్వాను. పక్కనున్న ఆవిడ ఎవరో చచ్చిపోయారనుకుని పరిగెత్తుకొచ్చింది.

నాకు నీ గ్రంథం సంగతి తెలీదు. మా ఇంటి సంగతి చెప్తా. పొద్దున నీ మేనకోడలు తన బిడ్డను మా గుమ్మంలో దించి ఆఫీసుకు పోతుంది. నా డ్యూటీ మధ్యాహ్నం కాబట్టి అప్పటిదాకా బిడ్డ నాది. తర్వాత కింది వాటా ఆవిడ చూస్తుంది. నేను ఇక్కడ దుప్పట్లు మడతపెట్టి ఇంటికెళ్తే, అక్కడ మడతపెట్టాల్సినవి కాచుకుని ఉంటాయి. మీ బావ బస్సు దిగి, ముఖం కడుక్కుని, క్యారమ్స్‌కి పోతాడు. "రోజంతా స్టీరింగ్ తిప్పానే, కాసేపు వేలితో ఆడుకోనీ" అంటాడు. పాపం, నిజమే కదా.

ఇదేం ఫిర్యాదు కాదు. ఊరికే చెప్పాను.

నన్నడిగే బదులు ఆమెనే అడగరాదూ? ఇంట్లోనే ఉంటుందిగా. ఎక్కడికీ పోదుగా.

అక్క

&nbsp;

*ఇల్లు, కిటికీ పక్కన; బయట తొలి వాన*

అక్కా,

దొరికింది! ఇన్నాళ్ళూ ఊరికే కంగారు పడ్డాను. జాబితా మొదట్లోనే ఉంది జవాబు. "నువ్వు" అన్నాడు చూడు, ఆ ఒక్క మాటలోనే భార్యాభర్తలు ఇద్దరూ ఉన్నారు! ఇద్దరూ ఒకే శరీరం అని ముందే చెప్పేశాక మళ్ళీ విడిగా రాయడం దేనికి? లిఫ్టు షాఫ్టులో వేలాడుతూ ఉండగా తట్టింది నాకు ఇది. పైనుంచే "స్తోత్రం!" అని అరిచాను. కింద హెల్పర్ తాడు తెగిందనుకుని గోడకు అతుక్కుపోయాడు.

పరుగున ఇంటికెళ్ళి చెప్పాను. నీ మరదలు శ్రద్ధగా వింది.

"అంటే ఆ ఆజ్ఞ నాక్కూడా ఇచ్చారన్నమాట."

"అవునే!"

"మంచిది. అయితే గురువారం సాయంత్రం నాది. మీరు పనినుంచి రాగానే నేను బయల్దేరతాను."

అని, నిజంగానే వెళ్ళింది. చేతిసంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు వేసుకుని, "వస్తా" అంది. బాబు గుమ్మం దాకా ఏడ్చుకుంటూ వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను మాత్రం కంగారు పడలేదు. గురువారం మాకు ప్రార్థన కూడిక ఉంటుందిగా. ఇద్దరినీ ఎత్తుకుపోయాను. మా సహోదరీలు "అయ్యో, అయ్యగారు పిల్లలతో వచ్చారు!" అని చేతుల్లోంచి లాక్కున్నారు. నేను నిశ్చింతగా వాక్యం చెప్పుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆమె ఇంట్లో ఉంది, మొహం కడిగిన అద్దంలా మెరుస్తోంది. ఇలా నాలుగు వారాలైంది. ఇంత తేలికైన ఆజ్ఞను లోకం ఎందుకు పాటించదో!

ఒక్కటే చిక్కు. ఎక్కడికి వెళ్తోందో చెప్పదు.

"ఎక్కడికెళ్ళావ్?" అంటే, "సెలవుకి కూడా లెక్క అప్పజెప్పాలా?" అంటుంది. కోపంగా కాదు, నవ్వుతూనే. చేతిలో బజారు సంచి ఉండదు. ఎవరింటికైనా వెళ్తే నాలుగు కబుర్లు మోసుకొస్తుంది కదా, అదీ లేదు. చెప్పుల మీద ఎర్రమట్టి ఉంది. మా చుట్టుపక్కల ఎక్కడా ఎర్రమట్టి లేదు! పాపను అడగమని ఉసిగొల్పితే, పాపకు ఒక బిస్కెట్టు ఇచ్చి పంపేసింది. అనుమానం కాదక్కా, దేవుడి సాక్షిగా. కానీ మూసిన పెట్టె పక్కన పడుకున్నట్టుంది. నీకేమైనా రాస్తుందా?

తమ్ముడు

&nbsp;

*మా వంటగది బల్ల*

ఉరుమూ,

రాస్తుంది. ఎక్కడికెళ్తుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నువ్వు అడగడం మర్చిపోయిన రెండు సంగతులు మాత్రం నేనడుగుతాను.

ఒకటి. మీ కూడికలో నీ పిల్లల్ని చేతుల్లోంచి లాక్కున్న ఆ తల్లులెవరు? వాళ్ళు కూడా పగలంతా పని చేసి, వాక్యం వినడానికి వచ్చినవాళ్ళే కదా. నీ కొడుకు ముక్కు తుడుస్తూ వాళ్ళు ఏం విన్నారంటావ్? నీ పెళ్ళానికి సాయంత్రం ఇచ్చానని మీసం తిప్పుతున్నావ్. నీ చేతిలోంచి ఏం పోయిందిరా? ఒక ఆడమనిషి దగ్గర తీసి ఇంకో ఆడమనిషికి ఇచ్చావ్, అంతే. మధ్యలో పుణ్యం నీది.

రెండోది. ఆ సాయంత్రం పిల్లలు తిన్న అన్నం ఎప్పుడు వండింది, ఎవరు వండారు?

ఇంకా రాద్దామనుకున్నాను, బిడ్డ లేచింది.

అక్క

&nbsp;

*ఒక అపార్ట్‌మెంటు లిఫ్టు గది, కరెంటు కోసం ఎదురు చూస్తూ*

అక్కా,

నీ ఉత్తరం కొరడాలా తగిలింది. వచ్చిన బుధవారం కాస్త ముందుగా ఇంటికెళ్ళి, ఊరికే కూర్చుని చూశాను. ఆమె రెండు పూటల వంట చేస్తోంది. పిల్లల బట్టలు జతలు జతలుగా కుర్చీ మీద పెట్టింది. బాబు మందు సీసా నా కంటికి ఆనేచోట నిలబెట్టింది. గురువారం ఆమె పుచ్చుకుంటున్న విశ్రాంతిని బుధవారం తనే సంపాదించి దాచుకుంటోంది!

ఆకాశం నుంచి ఆహారం కురిసిన భాగం నాకు కంఠతా వచ్చు. విశ్రాంతి దినానికి ముందు రోజు రెండింతలు ఏరుకోమన్నాడు. దాని మీద ఎంత గర్జించాను! ఆ రెండో కొలత కోసం ఎవరు నడుం వంచారని ఒక్కసారైనా అడిగానా? సిగ్గుతో తల వంచుకున్నాను అక్కా, వంచి ఉల్లిపాయలు తరిగాను.

గురువారం కూడికను శనివారానికి మార్చాను. "బుధవారం నువ్వేం చేసిపెట్టినా పారబోస్తాను" అని ఆమెను బెదిరించాను. మొదటి గురువారం గుడ్లు అడుగంటాయి, పాప "నాన్నా, ఇవి బొగ్గులా?" అంది, బాబు మందు సీసా నెత్తిన పోసుకున్నాడు. వాళ్ళు తిని కడుక్కునే లోపల నేను గ్రంథంలో ఒక్క మాట చదవలేకపోయాను. సాయంత్రం అంటే ఏమిటో, అది పోతే ఏం పోతుందో, నా వీపుకు అప్పుడు తెలిసింది.

మా లిఫ్టులో జనం ఎక్కే పెట్టె ఒకవైపు, ఇనుప బరువు ఒకవైపు ఉంటాయి. పెట్టె పైకి పోవాలంటే అవతల బరువు కిందికి దిగాలి. పెట్టెలో నిలబడి అద్దంలో తల దువ్వుకునేవాడికి ఆ బరువు ఎప్పుడూ కనపడదు. పొద్దంతా నేను చూసేది అదే, చేసే పని అదే, అయినా ఇంట్లో దువ్వెన పట్టుకుని నిలబడ్డాను. ఆదివారం ఇదే చెప్పాను. ముందు వరుసలో మగవాళ్ళు ఎవరూ ఆమేన్ అనలేదు. వెనక వరుస నుంచి మాత్రం వినిపించింది.

అక్కడే చిక్కు మొదలైంది. కూడిక తర్వాత టైర్ల పెద్దాయన నన్ను మెట్ల మీద ఆపాడు. ఆయన లారీ డ్రైవరు నీ మరదలిని చివరి స్టాపుకు పోయే బస్సులో చూశాడట. ఒంటరిగా, కిటికీ పక్కన.

"ఏమయ్యా, అమ్మగారు ప్రతి గురువారం ఎక్కడికి పోతున్నట్టు?"

"ఆవిడ సెలవండీ అది."

"సెలవా? బోధకుడి భార్యకు సెలవేంటయ్యా? మా కోడలు కూడా నిన్నటినుంచి నాకో సాయంత్రం కావాలంటోంది. ఎక్కడికో, ఏమిటో వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పు. మంచి చోటైతే మంచిదే, నాకూ సంతోషమే. చెప్పలేవా, ఈ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

అక్కా, ఆ గది లేకపోతే నాకు వేదిక లేదు. బడి మెట్లు సరిగ్గా ఎక్కనివాణ్ణి, అక్షరం అక్షరం కూడబలుక్కుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. ఆ బల్ల వెనక నిలబడ్డప్పుడే నేను నేను. నీ మరదలిని అడిగితే మళ్ళీ నవ్వేసింది. గది సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్తే మానేస్తుంది, అది నాకు ఇష్టం లేదు. నువ్వైనా అడిగి చెప్పు. ఆదివారం లోపల చెప్పు.

తమ్ముడు

&nbsp;

*ఆసుపత్రి బట్టల గది, డ్యూటీ లేని రోజు*

తమ్ముడూ,

ముందు నా సంగతి విను, తర్వాత నీది.

నీ ఉత్తరాలు చదివీ చదివీ నాకూ పురుగు తొలిచింది. నాకొక సాయంత్రం ఇస్తే నేనేం చేస్తాను? కూర్చుని ఆలోచిస్తే ఏమీ తోచలేదురా. భయమేసింది. సరే చూద్దామని మొన్న మీ బావతో, "ఇవాళ బిడ్డ నీది, నేను బయటికెళ్తున్నా" అన్నాను. "ఎక్కడికే?" అన్నాడు. "తెలీదు" అన్నాను. నోరు తెరిచి చూశాడు.

బయటికొచ్చాను. వీధి చివరి దాకా నడిచాను. కుడికి వెళ్తే బజారు, ఎడమకు వెళ్తే కూతురి ఇల్లు. రెండూ పనే. అక్కడే నిలబడ్డాను, ఎవరో నన్ను దారి తప్పానా అని అడిగారు. చివరికి ఎక్కడ తేలానో తెలుసా? ఇక్కడ, ఈ బట్టల గదిలో. సెలవు రోజు వచ్చి దుప్పట్లు మడతపెట్టాను. ఇవాళ కూడా అంతే, మళ్ళీ ఇక్కడికే వచ్చి కూర్చుని నీకు రాస్తున్నాను. మీ బావ మాత్రం బిడ్డను చంకనేసుకుని క్యారమ్స్‌కి పోయాడట. బిడ్డ స్ట్రైకర్ నోట్లో పెట్టుకుంటే ఆట మొత్తం ఆగిపోయిందట. ఊరంతా చెప్పుకుని నవ్వుతున్నాడు.

అందుకని నీ మరదలికి రాశాను. "నీ గుట్టు కోసం కాదమ్మా, నాకు చేతకావడం లేదు. ఖాళీ సాయంత్రాన్ని ఎలా వాడాలో నేర్పు" అని. నా జన్మలో ఎవర్నీ ఏదీ నేర్పమని అడగలేదు.

ఆమె నేర్పింది. వచ్చిన బస్సు ఎక్కుతుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. మొదటి వారం చివరి స్టాపు దాకా నిద్రపోయిందట, కండక్టరు లేపాడట. ఆ స్టాపు దగ్గర ఇటుకలు చేసే చోటుంది. దారిలో ఒక బన్ను కొనుక్కుని, అక్కడ రాయి మీద కూర్చుని, ఎవరి చెయ్యీ మధ్యలోకి రాకుండా మొత్తం తనే తింటుంది. వాళ్ళు మట్టి తొక్కడం, అచ్చులు కొట్టడం, ఆరబెట్టడం చూస్తుంది. "వదినా, అంత పని జరుగుతుంటుంది, అందులో ఒక్కటి కూడా నేను చేయాల్సింది కాదు! అది చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను" అని రాసింది. చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కుతుంది. అంతేరా. ఎర్రమట్టి కథ అంతే.

మరి నీకెందుకు చెప్పలేదో అది కూడా రాసింది. ఉన్నదున్నట్టు దించుతున్నా: "చెప్తే ఆదివారానికల్లా ప్రసంగం చేసేస్తారు వదినా. పాపకు జ్వరమొస్తే ప్రసంగం, నా కూర మాడితే ప్రసంగం, మేం పోట్లాడుకుంటే రెండు వారాలు ప్రసంగం. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. ప్రసంగం కానిది ఒక్కటైనా నా దగ్గర ఉండాలి."

నీకు చెప్పనని ఆమెకు మాటిచ్చాను. ఇచ్చిన మాట తప్పి చెప్తున్నాను, ఎందుకంటే ఆ బల్ల పోతే నువ్వేమైపోతావో నాకు తెలుసు. ఆదివారం ఇది చెప్పావంటే పెద్దాయన కూడా నవ్వేస్తాడు, తాళంచెవి ఇచ్చేస్తాడు. ఇక నీ ఇష్టం.

అక్క

&nbsp;

*ఇల్లు, గురువారం సాయంత్రం*

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం చదివిన రోజు నుంచి నా లోపల ప్రసంగం తనంతట తానే తయారైపోయింది. ఇటుకలు! బానిసత్వంలో ఇటుకలు చేసిన జనానికే కదా విశ్రాంతి ఆజ్ఞ ఇచ్చింది! చాకిరీ దేశం నుంచి బయటపడ్డ ఒక స్త్రీ రాయి మీద కూర్చుని, ఇటుకలను ఊరికే చూస్తోంది! ఇంతకంటే గొప్ప ప్రసంగం నాకు జన్మలో దొరకదు. షాఫ్టులో వేలాడుతూ దాన్ని చెప్పుకున్నాను, నాకే కళ్ళు చెమర్చాయి. అది చెప్తే గది నిలుస్తుంది, నా పేరు నిలుస్తుంది, నీ మరదలి మీద మాట పడదు. అన్నీ అటే లాగుతున్నాయి.

ఆదివారం పెద్దాయన ముందు వరుసలో లేచాడు. "అయ్యగారూ, వాక్యానికి ముందు ఆ గురువారం సంగతి చెప్పండి. లేదంటే ఈ గదికి తాళమే." వెనక వరుసలో నీ మరదలి ముఖం తెల్లబోయింది. గది పందెం ఆమెకు అప్పుడే తెలిసింది. బాబును గట్టిగా పట్టుకుంది. అందరూ మెల్లగా వెనక్కి తిరిగి ఆమెను చూడటం మొదలుపెట్టారు అక్కా. ఇన్నేళ్ళు వాళ్ళు అలా తిరుగుతూనే ఉండి ఉంటారు. బల్ల వెనక నుంచి నేను వాళ్ళ వీపుల్నే చూసి, వాక్యం పని చేస్తోందని సంబరపడి ఉంటాను.

"అందరూ ఇటు చూడండి" అన్నాను. చూశారు. "ఆమె ఎక్కడికెళ్తుందో నాకు తెలుసు. చెప్పను."

"అదేంటయ్యా! తెలిసీ చెప్పవా?"

"నాదైతే చెప్పేవాణ్ణి. నా సంగతులు ఏవీ దాచలేదు మీ దగ్గర. ఇది నాది కాదండీ."

"అయితే తాళంచెవి?"

"అది మీది."

అంతే. గొంతు పెంచలేదు. బల్ల గుద్దలేదు. ఆ రోజు వాక్యం చదివి కూర్చున్నాను, ప్రసంగం చేయలేదు.

దారిలో ఆమె బాబును ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. తర్వాత, "వదిన చెప్పేసిందా?" అంది.

"చెప్పింది. ఆమెను ఏమీ అనకు."

"ఇటుకలు కూడా?"

"ఇటుకలు కూడా."

"అమ్మో, ఇటుకలు తెలిసీ ఊరుకున్నారా మీరు!" అని నడి వీధిలో నిలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇక గది?" అంది. "తెలీదు" అన్నాను. "గురువారం మానేస్తాలెండి" అంది. అప్పుడు మాత్రం ఉరిమాను. నువ్వు పెట్టిన పేరు నిలబెట్టాను.

తర్వాతి ఆదివారం మా అపార్ట్‌మెంటు మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో కూడుకున్నాం. సగం మంది కూడా రాలేదు. వచ్చిన మగవాళ్ళలో ఇద్దరు బిడ్డల్ని ఎత్తుకుని వచ్చారు, మరి నా మాటకో, ఇంట్లో వాళ్ళ మాటకో. పెద్దాయన రాలేదు. ఆయన భార్య వచ్చింది. "మనవల్ని ఆయన మీద వదిలేసి వచ్చానండీ, ఫోను కూడా తీసుకురాలేదు" అని ముందు వరుసలో కూర్చుంది. అక్కడ బల్ల లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాను. గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి. ఆ గది కోసం గుండె కలుక్కుమంటోంది, నీ దగ్గర దాచను.

నీ మాట తప్పడం గురించి నీ మరదలు అంటోంది: "వదినను ఒక గురువారం నాతో రమ్మనండి, అప్పుడు క్షమిస్తాను." రా. బిడ్డను బావకు ఇచ్చి రా. స్ట్రైకర్ మాత్రం దాచిపెట్టమను.

ఇప్పుడు ఆమె లేదు. బాబు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, "అమ్మేది?" అని వాళ్ళక్కను అడిగాడు. నేను చెప్పబోయి ఆగాను. పాప బొమ్మకు తల దువ్వుతూ, అదేదో ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది:

"అమ్మ గురువారానికి వెళ్ళిందిరా. వచ్చేస్తుంది."

వాడు సరేనని ఊచలు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. ఇక ఆపుతాను, ఒళ్ళోకి ఎక్కుతున్నాడు.

నీ తమ్ముడు